పొద్దుటికి దాచిన ముద్దు

సిగ్నల్ పచ్చబడింది. బస్సు కదలలేదు. వెనక హారన్లు మోగాయి, పక్కన స్కూటరువాడు ఏదో తిట్టాడు. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి డ్రైవరు సీటు వెనక కమ్మీని దడదడ బాదాడు.

"అక్కా! గ్రీనక్కా!"

డ్రైవరమ్మ ఉలిక్కిపడి గేరు వేసింది. ఆమె కళ్లు మూతపడింది కొన్ని క్షణాలే. కానీ నిండు బస్సు నడిపేవాళ్ల విషయంలో కొంపలు మునగడానికి ఆ కొన్ని క్షణాలు చాలు.

ఆ పూట డిపోలో సూపర్‌వైజరు ఆమెను మిగతా ట్రిప్పుల నుంచి తప్పించాడు. "ఇంకోసారి ఇలా జరిగితే స్టీరింగు ఇవ్వలేనమ్మా. నాకూ పిల్లలున్నారు, కోపంతో అనట్లేదు" అన్నాడు.

చంటిపిల్ల తల్లికి ఉద్యోగం ఎందుకని మనం తేలిగ్గా అనేస్తాం. ముందు ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో చూసి, తర్వాత మాట్లాడదాం.

పాపకు ఏడాదిన్నర. అసలు పేరు ఏదైనా ఇంట్లో అందరికీ గువ్వే. మొన్నటిదాకా నానమ్మ చూసుకునేది. ఆవిడ మోకాళ్లు మొరాయించాక డేకేర్‌లో చేర్చారు. అప్పటి నుంచి గువ్వకు నిద్ర లేదు. పడుకోబెడితే ఏడుపు, కునుకు పట్టినా మళ్లీ మేలుకోవడం. ఇంటిల్లిపాదికీ జాగారమే.

"పోనీ, కొన్నాళ్లు మానెయ్యి" అన్నాడు భర్త నిన్న. అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. "కొట్టు ఒకసారి మూస్తే మళ్లీ తెరవలేం. నీ ఉద్యోగమైతే..." అని సగంలో ఆపాడు. మిగతా సగం ఆమెకు అర్థమైంది. ఆ డ్రైవరు సీటు కోసం తను పడ్డ పాట్లు గుర్తొచ్చాయి.

డిపో నుంచి ఆమె నేరుగా డేకేర్‌కు వెళ్లింది. మధ్యాహ్నం. కర్టెన్లు వేసి ఉన్నాయి. చాపల మీద పిల్లలంతా ఎటు పడితే అటు తిరిగి నిద్రపోతున్నారు. గువ్వ ఒక్కతే ఆయా ఒళ్లో కూర్చుని తూగుతోంది. తల వాలినప్పుడల్లా ఆయా తడిబట్టతో మొహం తుడిచి, చేతికి బొమ్మ ఇస్తోంది.

"ఏంటండీ ఇది! పిల్లను పడుకోనివ్వరా?"

టీచరు ఆమెను వరండాలోకి తీసుకెళ్లింది. "మెల్లగా అమ్మా, మిగతావాళ్లు లేస్తారు. పగలు పడుకోనివ్వొద్దని మీ అత్తగారే ఫోన్ చేశారు. నేను సరేనని ఉండకూడదు. నాదీ తప్పే."

సాయంత్రం టీచరు తనే వాళ్లింటికి వచ్చింది. భర్త కొట్టు కుర్రాడికి అప్పగించి వచ్చాడు.

అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పగలు నిద్ర ఆపితే రాత్రి ఒళ్లెరగకుండా పడుకుంటుంది, నా కోడలికి కాస్త కునుకు దొరుకుతుంది అనుకున్నానమ్మా."

"మరీ అలసిపోయిన పిల్ల హాయిగా పడుకోదండీ, ఇంకా పేచీ పెడుతుంది. సరే, రాత్రి దాన్ని లేపేదెవరు?"

భర్త మెడ గోక్కున్నాడు. "నేనేనండీ. కొట్టు మూసి వచ్చేసరికి పడుకుని ఉంటుంది. రోజంతా చూడను కదా, ముద్దు పెడితే లేస్తుంది. కాసేపు ఆడిస్తాను."

"కాసేపా? వీపెక్కించుకుని ఇల్లంతా తిప్పుతాడు!" అంది అతని తల్లి.

ఇది డ్రైవరమ్మకు తెలియనిది కాదు. తండ్రి ముద్దును తప్పని ఎవరనుకుంటారు? తన సంగతీ ఆమె ఒప్పుకుంది. సెలవు వస్తే మధ్యాహ్నం దాకా పిల్లను పక్కలోంచి కదలనివ్వదు.

"అందరిదీ ప్రేమే" అంది టీచరు. "కానీ దానికి చోటు కొత్త, మనుషులు కొత్త. ఇంట్లోనూ రోజుకో పద్ధతైతే అది దేన్ని నమ్ముతుంది? పగలు మా దగ్గర పడుకోనివ్వండి, సెలవురోజూ అదే వేళకి పడుకోబెట్టండి. అది పట్టుకుని పడుకునే దుప్పటి మాకు పంపండి. రాత్రి పెందలాడే దీపాలు తగ్గించండి. కొన్నాళ్లు ఏడుస్తుంది, ఓపిక పట్టాలి."

"మరి నేను దాన్ని ఎప్పుడు చూసుకోవాలి?" అన్నాడు భర్త. గొంతులో నిజంగానే బాధ ఉంది.

"పొద్దున లేవరా!" అంది తల్లి. "నువ్వు ముసుగుతన్ని పడుకుంటే, నీ పెళ్లాం నిద్రకళ్ల పిల్లను భుజాన వేసుకెళ్లి దింపి డ్యూటీకి పోతోంది. రేపటి నుంచి అది లేచాక నువ్వు తినిపించి దింపు. కరువుతీరా చూసుకోవచ్చు."

ఏడుపు ఒక్కరోజులో ఆగలేదు. అతని చొక్కాలకు జావ మరకలు అంటుకున్నాయి. ఒక రాత్రి చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నిద్రపోతున్న కూతుర్ని చూసి, ముద్దును పొద్దుటికి దాచుకున్నాడు. క్రమంగా ఇంట్లో అందరికీ నిద్ర తిరిగొచ్చింది.

మళ్లీ అదే సిగ్నల్. కండక్టరు కమ్మీ మీద చెయ్యి వేసేలోపే బస్సు కదిలింది.

"నాకు పని లేకుండా చేశావక్కా" అని నవ్వాడు. టికెట్ల సంచీ సర్దుకుంటూ, "మా ఆవిడ కూడా మళ్లీ డ్యూటీలో చేరాలి. బాబుని డేకేర్‌లో వెయ్యాలంటే భయంగా ఉంది. తనని ఉద్యోగం మానెయ్యమంటే మంచిదా?" అని అడిగాడు.

డ్రైవరమ్మ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"తను ఉద్యోగం మానాలా అన్నది తర్వాత తమ్ముడూ. పిల్లాడి నిద్ర కోసం నువ్వేం మానతావో అది ముందు చెప్పు."