దగ్గు లేని వీధి

బేతంచెర్లలో నాపరాళ్లు కోసే ఫ్యాక్టరీల వెనక ఒక చర్చి వీధి ఉంది. సాయంత్రం మగవాళ్లు పని నుంచి ఇల్లు చేరేసరికి అక్కడ ప్రతి ఇంట్లోనూ బెల్లంముక్క సిద్ధంగా ఉంటుంది. ఒళ్లు కడుక్కోకముందే దాన్ని నోట్లో వేసుకుంటారు. రొమ్ములో చేరిన రాతిదుమ్మును బెల్లం కిందికి దింపేస్తుందని వాళ్ల నమ్మకం. ఆ అలవాటును ఎవరు నేర్పారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఫ్యాక్టరీ యజమాని రాఘవేంద్రప్రసాద్ మాత్రం శ్రద్ధగా పెంచి పోషించాడు. కూలితోపాటు బెల్లం కూడా ఇచ్చే యజమాని దొరకడం తమ అదృష్టమని వీధివాళ్లు అనుకునేవారు. పాఠకులు కూడా కాసేపు అలాగే అనుకోండి.

కృపమణి భర్త వసంతకుమార్ ఆ ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ దగ్గర పని చేస్తాడు. బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉంటే దుమ్ము అంతగా లేవదు. ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకర్ నీళ్లు ఒక పూటకే సరిపోతాయి. రెండో పూటంతా పొడికోతే. వసంతకుమార్‌కు దగ్గు పట్టుకున్నది ఆ పొడికోతల్లోనే. ఎంత బెల్లం తిన్నా అది దిగలేదు.

అలాంటి రోజుల్లో ఆ వీధికి శ్రీవాణి వచ్చింది. డోన్‌లో కిరాణా కొట్టు నడిపే వాళ్లింటి అమ్మాయి. కర్నూలులో ప్రజారోగ్యం మీద పీజీ చదువుతోంది. రాతిపనివాళ్ల ఊపిరితిత్తుల గురించి తెలుసుకుని పరిశోధన వ్యాసం రాయాలి. అది రాస్తేనే చదువు పూర్తవుతుంది. మనిషి మంచిదే. కానీ వచ్చింది యజమాని జీపులో. పక్కన మేస్త్రీ రామకృష్ణ.

కృపమణికి మొదటి చూపులోనే అనుమానం తగులుకుంది. అందుకు కారణం లేకపోలేదు. కిందటేడు పక్కింటి యేసుప్రసాద్ దగ్గుతున్నాడని మేస్త్రీ చెవిన పడింది. కొన్నాళ్లు ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ విశ్రాంతి ఇప్పటికీ పూర్తి కాలేదు.

"మీ ఆయనకు దగ్గు వస్తుంటుందా అక్కా?" అని అడిగింది శ్రీవాణి గడప దగ్గర నిలబడి.

"దగ్గా? మా ఆయనకు తుమ్ము గూడా రాదు మేడమ్."

"రాత్రిళ్లు ఆయాసం లాంటిది?"

"యాడిది? శానా బాగా నిద్రపోతాడు."

లోపల వసంతకుమార్ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రీ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుతో కృపమణి అనుమానం రూఢి అయిపోయింది. ఆ పిల్ల పక్కింటికి వెళ్లేలోపే కృపమణి పెరటిదారిన వీధంతా చుట్టి వచ్చింది.

"యజమాని మనిషి వచ్చుండాది. దగ్గుండాదంటే పని పోతాది. ఎవురూ నోరు మెదపొద్దండి" అని ఇంటింటికీ చెప్పింది.

వీధి ఆమె మాట తూచా తప్పకుండా పాటించింది. శ్రీవాణికి అది మింగుడు పడలేదు. మర్నాడు మేస్త్రీ లేకుండా ఒంటరిగా వచ్చింది.

"అక్కా, ఇంత దుమ్ములో ఒక్కరికీ దగ్గు లేదంటే నమ్మలేకపోతున్నాను."

నిన్న మేస్త్రీతో వచ్చింది, ఈ రోజు మెత్తగా లాగుతోంది, గట్టి మనిషే అనుకుంది కృపమణి. "లేనిదాన్ని యాడ్నించి తెచ్చేది?" అని తలుపు దగ్గరికి వేసింది.

వారం తిరక్కుండానే యజమాని ఫ్యాక్టరీ ఆవరణలో వీధివాళ్లందరినీ, ఆడవాళ్లతో సహా, కూర్చోబెట్టాడు. శ్రీవాణికి శాలువా కప్పాడు.

"చూసినారు కదప్పా, పెద్ద చదువు చదివే పిల్లే విచారించింది. మన వీధిలో దగ్గన్న మాటే లేదంట. మన రాయి ఎవరికీ చెడు చేయదు. ఇంక ఆ ట్యాంకర్లు దేనికి? రేపట్నించి బంద్. బెల్లం మాత్రం రెండింతలిస్తాను."

శ్రీవాణి గబుక్కున లేచింది. "సార్, ఉందని ఎవరూ చెప్పలేదు అన్నాను. లేదని నేను అనలేదు."

"రెండూ ఒకటే కదమ్మా" అన్నాడాయన నవ్వుతూ.

కృపమణికి సంగతి అర్థమైంది. భర్త పని కాపాడుతుందని ఇంటింటికీ తిరిగి పంచిన అబద్ధమే ఇప్పుడు ఉన్న ఒక్క పూట నీళ్లనూ ఆపేస్తోంది. నిజం చెబితే కూడు పోతుంది. చెప్పకపోతే మనిషే పోతాడు. లేచి నిలబడింది.

"దగ్గుండాది సార్. మా ఆయనకుండాది. రాత్రంతా గోడకానుకొని కూర్చునే ఉంటాడు. లేదని చెప్పింది నేనే. వీధి చేత చెప్పించింది గూడా నేనే."

కూర్చోమని వసంతకుమార్ ఆమె కొంగు లాగాడు. ఏదో అనబోయాడు గానీ దగ్గు తెర అడ్డుపడి మాట రాలేదు. వెనక వరసలో యేసుప్రసాద్ దగ్గాడు. తర్వాత ఇంకొకరు. అంతసేపూ బిగబట్టుకున్నవాళ్లంతా ఇక ఆపుకోలేకపోయారు. ఆవరణంతా దగ్గుతో నిండిపోయింది.

శ్రీవాణి శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది.

"తప్పు అక్కది కాదు, నాది. మీ జీపులో వచ్చి, మీ మేస్త్రీని పక్కన పెట్టుకుని అడిగాను. నాకు జవాబులు చెప్పింది వీళ్లు కాదు, వీళ్ల భయం. ఆ మాట కూడా నా పరిశోధనలో రాస్తాను సార్."

యజమాని మేస్త్రీ వైపు చూశాడు. ఒక్క వసంతకుమార్‌నైతే విశ్రాంతికి పంపవచ్చు, అందరినీ పంపితే రాయి కోసేదెవరు? మర్నాడు ట్యాంకర్ వచ్చేదాకా ఎవరూ మిషన్ తిప్పలేదు. మధ్యాహ్నానికి వచ్చింది. సాయంత్రం రెండోది కూడా వచ్చింది.

ఆ ఆదివారం శ్రీవాణి నడుచుకుంటూ వచ్చింది. కృపమణి చాప పరిచింది గానీ అనుమానం పూర్తిగా వదల్లేదు.

"మా పేర్లు యజమానికిస్తావా?"

"ఎవరికీ ఇవ్వనక్కా."

కృపమణి ఆమెను చాప మీద కూర్చోమంది. తర్వాత లోపలికి తిరిగి, "యో, దుప్పటి తీసి బయటికి రా. ఆ పిల్ల అడిగేదానికి నువ్వే చెప్పు" అని భర్తను పిలిచింది.

దగ్గు ఉందని చెప్పినవాడి కూడు పోయే చోట ఏ చదువుకూ ఆ దగ్గు వినబడదు. ప్రజల ఆరోగ్యం కోరేవాళ్లు ముందుగా పోగొట్టవలసింది ఆ భయాన్నే.