నిచ్చెన మీద తొమ్మిదిమంది

బావి దగ్గర గొంతు పెంచితే నీళ్లు లోతుకి పోతాయని, పశువుల్ని మేపుకుని బతికే మా బోరానా వాళ్ల నమ్మకం. నేనూ నమ్ముతాను. పొద్దున లేవగానే ఆకాశం వైపు చేతులు చాచి, ఇంటికీ మందకీ శాంతి ఇవ్వమని మా దేవుడు వాకాని అడుగుతాను. కానీ శాంతిగా ఉండడమూ నోరు మూసుకోవడమూ ఒకటేనా అన్న అనుమానం ఎన్నో ఏళ్లుగా నాలో ఉంది. పెద్దల్ని అడిగే ధైర్యం చాలలేదు.

ఆ కరువులో పట్నం కాంట్రాక్టరు మా తాతలు తవ్విన బావికి మోటారు బిగించాడు. పశువులు దిగే దారికి ఇనప గేటు పెట్టాడు. తలకింతని డబ్బు కడితేనే గేటు తీస్తారు. మా పశువులు మూడు రోజులకోసారి తాగుతాయి. నాలుగో రోజు నిలబడలేవు. వారం తిరక్కుండానే, నాకు వదిన వరసయ్యే, మొగుణ్ణి పోగొట్టుకున్న తూమే ఆవు గేటు ముందు కూలబడింది. లోపల తొట్టి నిండా నీళ్లు. వాటినే చూస్తూ చచ్చిపోయింది.

"తియ్యండి దీన్ని, వాసనొస్తది," అన్నాడు కాపలావాడు.

నేను కాళ్లు పట్టి లాగాను. ఏమీ అనలేదు. బావి దగ్గర కదా.

మర్నాడు తుమ్మచెట్ల కింద అందరం కూర్చున్నాం. ఏ మంద ఎప్పుడు తాగాలో చెప్పే వంతుల పెద్ద హలాకే అప్పుడే జిల్లా ఆఫీసు నుంచి వచ్చాడు. నడిచి నడిచి ఆయన పాదాలు పగిలాయి.

"కాగితం చూపించారు," అన్నాడు. "బావి ఒడ్డున మీటింగు పెట్టి, ఎవరికైనా అభ్యంతరమా అని మూడుసార్లు అడిగారంట. ఒక్కడూ కాదనలేదంట."

నిజమే. బావి ఒడ్డున కాదనడం మాకు రాదు. ఆ మౌనాన్ని వాళ్లు ఒప్పుదలగా రాసుకున్నారు.

"గేటు విరగ్గొడదాం!" అని లేచాడు గోడానా.

"ఒడ్డున నెత్తురు పడితే ఆ నీళ్లు పశువుకెట్లా పెడతావురా?" అన్నాడు హలాకే.

"పెట్టకపోతే చస్తది! ఎటు చూసినా చావేగా తాతా?"

తూమే అందుకుంది. "కొట్లాడొద్దు, సరే. పని చెయ్యొద్దని ఎవరన్నారు? మోటారొచ్చాక అడుగున బురద తీసినోళ్లు లేరు. మనం దిగి తీద్దాం. బురదనీళ్లు లాగితే మోటారు బిగుసుకుపోద్ది, వాడే ఆపుకుంటాడు. చేదలు చేతులు మార్చుకుంటూ గేటు పైనుంచి బయటికి అందిద్దాం. బయట మట్టితొట్టి మేం కడతాం."

"నేను అట్టడుగున ఉంటా," అన్నాడు గోడానా.

"నీ బొజ్జ అక్కడిదాకా దిగుద్దా?" అంది తూమే. చాలా రోజుల తర్వాత నవ్వాం. ఎక్కువసేపు నవ్వే ఓపిక లేదు.

మర్నాడు పొద్దెక్కేసరికి గేటు ఎక్కి దూకి, బావిలోకి దిగే నిచ్చెన మీద తొమ్మిదిమంది నిలబడ్డాం. ముందు బురద, తర్వాత నీళ్లు. తోలుచేదలు చేతినుంచి చేతికి పైకెక్కాయి. ఆవుల పేర్లు చెప్పి పాడాం. కాపలావాడు తిట్టుకుంటూ మోటారు ఆపాడు. మధ్యాహ్నానికి పోలీసుల జీపు వచ్చింది. ఆఫీసరు కాగితం ఊపాడు.

"మీరు ఒప్పుకున్నదే! అప్పుడు ఎవడన్నా కాదన్నాడా?"

నేను పై మెట్టు మీద ఉన్నాను. భుజాలు తెగిపోతున్నాయి. గొంతు పెంచలేదు. ఇంట్లో మాట్లాడినట్టే అన్నాను.

"ఇప్పుడు నేను కాదంటున్నానయ్యా."

కింద మెట్టు మీద మనిషి అన్నాడు, "నేనూ." ఆ కిందవాడూ అన్నాడు. ఆ మాట ఒక్కో మెట్టే దిగి, చివరికి అట్టడుగునుంచి గోడానా గొంతు వచ్చింది. గేటు బయట ఆడవాళ్లు అందుకున్నారు. నీళ్లు లోతుకి పోలేదు. నిండు చేద నా చేతికి వచ్చింది.

పోలీసులు హలాకేని పట్టుకున్నారు. గేటు దగ్గర చేదలు అందుకుంటున్న ఆయన జబ్బ పట్టి లాగారు. ఆయన పెనుగులాడలేదు. చేతిలో చేద పక్కవాడికి అందించి, "కింద పెట్టొద్దు" అన్నాడు. జీపు కదిలింది. ఆయన నిలబడ్డ చోటికి ఒక ముసలామె వచ్చి చేతులు చాచింది. రేపు జిల్లా ఆఫీసు ముందుకి ఊరంతా నడవాలని ఎవరో అన్నారు. కాళ్లు లేవకపోయినా నడుస్తామని అందరికీ తెలుసు.

మట్టితొట్టి నిండింది. ఆ రోజు మొదటి వంతు నాది. పొద్దున హలాకే చెప్పి పెట్టాడు. నా ఆవులు మోరలెత్తి అరుస్తున్నాయి. నేను వాటిని కర్ర అడ్డం పెట్టి ఆపి, తూమే పెయ్యల్ని రెంటినీ ముందుకు తోలాను.

"ఇదేంటి మరిదీ, వంతు నీదిగా?"

"పాత కరువులో చూడి ఆవుతో నేనొస్తే నీ వంతు నాకిచ్చావు వదినా."

"పన్నెండేళ్లయింది. నేనే మర్చిపోయా."

"నేను మర్చిపోలేదు. తాగనీ."

పెయ్యలు మూతులు ముంచాయి.