నడిమి కార్బన్

"నాలుగు చాలవోయ్, ఇంకో రెండు ఊదు," అన్నాడు మా ఆయన, గడ్డానికి నురగ పూసుకుంటూ.

ఇద్దరం ఒకే స్కూల్లో కెమిస్ట్రీ చెప్తాం. పెద్ద క్లాసుల పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఈ పూట కమిటీ ముందు పాఠం చెప్పి చూపించాలి. అర్జీ ఇద్దరం పెట్టాం. రబ్బరు బుడగలు మాత్రం నేనొక్కదాన్నే ఊదుతున్నాను, ఆయన పాఠం కోసం. మూతులు కలిపి ముడేస్తే చాలు, ఒకదాన్నొకటి తోసుకుని ఎడంగా సర్దుకుంటాయి. అణువు ఆకారం పిల్లల కళ్లకు కడుతుంది. మా స్కూల్లో ఈ పద్ధతి మొదలెట్టింది నేను. పేరు మాత్రం 'సారు బుడగలు'.

"పుట్టినరోజెవరికమ్మా?" అంది అత్తయ్య.

"పుట్టబోయేది మీ అబ్బాయి ప్రమోషనండీ."

ఆయన నవ్వలేదు. "నీటి అణువు వంకరగా ఎందుకుంటుందో మళ్లీ చెప్పు. రాసేటప్పుడు తిన్నగానే రాస్తాం కదా?"

"ఆక్సిజన్ దగ్గర ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ జంటలు రెండున్నాయి. వాటికీ చోటు కావాలి కదా, హైడ్రోజన్లను నెడతాయి. అలా వంగబట్టే ఒకవైపు కాస్త ధనావేశం, ఒకవైపు ఋణావేశం. అందుకే ఒక అణువు పక్కదాన్ని గట్టిగా పట్టుకుంటుంది, నీళ్లు అంత తేలిగ్గా ఆవిరవ్వవు."

"మరి కార్బన్ డయాక్సైడు?"

"అది తిన్నగా ఉంటుంది. నడుమ కార్బన్. రెండు ఆక్సిజన్లూ దాని ఎలక్ట్రాన్లను చెరోవైపు సమానంగా లాక్కుంటాయి. ఇటుదానికి అటుది చెల్లు."

"అంటే లాగుడే లేనట్టు."

లేకపోవడమేమిటి? బుడగ నోట్లోనే ఉండిపోయింది. పెళ్లయిన నాటి నుంచీ ఇటు ఆయన: "ఇస్త్రీ చొక్కా ఏదీ?" అటు అత్తయ్య: "వంటిల్లు వదిలేసి ఆ పుస్తకాలేమిటి?" ఎవరూ చెయ్యెత్తింది లేదు, గొంతు పెంచింది లేదు. వచ్చిన చుట్టాలు, "మీ ఇంట్లో చీమ చిటుక్కుమనదమ్మా" అని మెచ్చుకుని పోతారు. ఎటూ కదలకుండా ఉండటానికి ఎంత లాగుడు ఓర్చుకోవాలో నడుమ ఉన్నదానికే తెలుసు.

"అన్నట్టు, నువ్వు తప్పుకుంటున్నావని ప్రిన్సిపాల్‌కి చెప్పేశాను," అన్నాడు అద్దంలోకి చూస్తూనే. "మొగుడూ పెళ్లాం ఒకే కుర్చీకి ఎగబడితే నలుగురూ నవ్విపోతారు."

"మరే, కాపురమన్నాక గుట్టుండాలి," అంది అత్తయ్య.

నేను నోరు తెరిచేలోపే నా ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్.

"సారు చెప్పారు మేడమ్. మీరూ ఒక్క మాట అనేస్తే పేరు కొట్టేస్తాను."

ఆయన నురగ మొహంతోనే వచ్చి, ఫోనిమ్మని చెయ్యి చాపాడు. అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, కాదనొద్దన్నట్టు తలూపుతోంది. ఆయన చెయ్యి నా చెవి దాకా వచ్చింది. ఒకడుగు వెనక్కి వేశాను.

"కొట్టెయ్యకండి సార్," అన్నాను. "మొదటి పాఠం నాకే ఇవ్వండి."