రాతి మీద జీపు

సీతారాములు ఇంట్లో మూడు బండ్లు తిరిగాయి. మొదట ఆకుపచ్చ జీపు, తర్వాత అంబాసిడర్, ఆ తర్వాత మారుతీ వ్యాను. అంబాసిడర్‌కు దర్జా తప్ప దమ్ము లేదు. ఎర్రబోరు నుంచి భద్రాచలం చేరేలోపు రెండుసార్లైనా దిగి తోయాల్సిందే. వ్యాను సంగతి ఎత్తకపోవడమే మంచిది. సీతారాములు కూతురు వినీతకు నలభై ఐదేళ్లొచ్చినా బండి అంటే జీపే. దాని ఎడమ తలుపు ఎప్పుడో ఊడిపోయింది. చిన్నప్పుడు మిరపబస్తాల ఘాటుకు తుమ్ముతూ, డ్రైవరు బిజ్జా మామ పక్కసీటు కోసం అక్క లలితతో జుట్టూజుట్టూ పట్టుకునేది. గెలుపెప్పుడూ వినీతదే. లలిత, తమ్ముడు నవీన్ వెనక బస్తాల మీద కూర్చునేవారు.

బిజ్జా ఎర్రబోరు పక్క దోర్ల తెగ మనిషి. ఆ మూడు బండ్లూ నడిపినవాడు అతనే. మొన్న ఎండాకాలం పోయాడు. పోయినవాళ్లకు అక్కడ దారి పక్కన రాయి నిలబెట్టి, బతికుండగా వాళ్లు మెచ్చినవి దాని మీద రంగుల్లో వేయిస్తారు. బిజ్జాకు జీపు కాక ఇంకేముంటుంది? అదెలా ఉండేదో బొమ్మలు వేసేవాడికి తెలియాలి కదా అని వినీత తన దగ్గరున్న పాత ఫొటో పంపింది. మంచిపనే అనుకుంది, పిచ్చి మొహం. ఆ ఫొటోలో ఉన్నది బిజ్జా ఒక్కడే కాదు. పక్కసీట్లో తొమ్మిదేళ్ల వినీత, వెనక లలిత, నవీన్ ఉన్నారు. ఆ బొమ్మలాయన ఉన్నది ఉన్నట్టు నలుగురినీ దించేశాడు. చనిపోయినవాడి బండిలో బతికున్నవాళ్లు ముగ్గురు. అదెవరికీ తట్టకముందే రాయి నిలిపిన విందు కూడా అయిపోయింది.

వారం తిరగకుండా లలితకు జ్వరం వచ్చి, మూడోరోజు ప్రాణం పోయింది. అదేం జ్వరమో ఎవరూ తేల్చలేకపోయారు. దినాలు కాగానే బీజాపూర్‌లో నవీన్ అదే జ్వరంతో మంచం పట్టాడు. ఇవాళ మూడోరోజు. వినీతకూ తెల్లవారుజాము నుంచి ఒళ్లు కాలుతోంది, ఎవరికీ చెప్పలేదు. అంతలో బిజ్జా భార్య దేవే కబురు పెట్టింది, ఒక్కసారి వచ్చి రాయి చూసిపొమ్మని. వినీత భద్రాచలంలో మొదటి బస్సెక్కింది.

మిట్టమధ్యాహ్నం రాయి ముందు నిలబడింది. లలిత బొమ్మ వెనక లేదు. ముందు సీట్లో, బిజ్జా పక్కన కూర్చుని ఉంది. వినీత బొమ్మ వెనక్కి, నవీన్ పక్కకు చేరింది. రంగు చెదరలేదు, మళ్లీ గీసిన జాడ లేదు.

"ఎవరు మార్చిన్రు అత్తా?" అంది పక్కనున్న దేవేతో.

"ఎవరూ ముట్టలే బిడ్డా. బొమ్మలాయన్ని పిలిచి చూపిస్తే కుంచెలు పడేసి ఉరికిండు."

"సున్నం కొట్టేద్దాం."

"సున్నం కొడితే బొమ్మ పోతది, మనుషులు బండిలనే ఉంటరు," అంది దేవే. "మా అత్త చెప్పేది. పొరపాటున ఎక్కినోళ్లను పేరు పెట్టి పిలిచి దింపాలె. ఆ బండిల కూసున్న మనిషే, అదీ బతికున్న మనిషే పిలవాలె. నేనెన్నడూ ఎక్కలే, నా పిలుపు పనికిరాదు."

"నేను పిలుస్త."

"ఆగు. దిగినోళ్లు మళ్ల ఆ బండిల ఉన్నోళ్లను పిలవగూడదు. పిలిస్తే తిరిగి ఎక్కుడే. మీ తమ్ముడు ఫోన్ల పిలిచినా నువ్వు దిగుతవ్. నువ్వు పిలిస్తే ఆయన దిగుతడు. ఇద్దర్ల ఒక్కరే బిడ్డా."

వినీత ఫోను తీసింది. ఆమెకు బతకాలని ఉంది, ఎందుకుండదు? ఇంట్లో తండ్రి లేని కూతురు ప్రశాంతి ఇంటర్ చదువుతోంది. నవీన్‌కు చూస్తే ఇద్దరు పసివాళ్లు. అడిగితే చాలు, ఎందుకని కూడా అనడు, జ్వరంలోనే అక్కను పిలిచేస్తాడు. అలాంటివాణ్ని ఎలా అడగడం? ఆమె ఫోను సంచిలో పడేసింది.

"నవీనూ, దిగరా," అంది రాయి వైపు చూసి. చిన్నప్పుడు బస్తాల మీద నిద్రపోయినవాణ్ని లేపే గొంతే అది. "ఇల్లొచ్చింది, దిగు."

గాలి లేదు. రోడ్డు మీద ఒక్క లారీ లేదు. రాతిలోంచి పాత జీపు కమాను స్ప్రింగులు కిర్రుమన్నాయి, ఎవరో దిగినప్పటిలాగే. బస్తాల మీద నవీన్ ఉన్నచోట ఇప్పుడు ఎవరూ లేరు. దేవే కొంగు నోట్లో కుక్కుకుంది.

కాసేపటికి ఫోను మోగింది.

"అక్కా, చెమటపట్టి జ్వరం పోయింది. ఆకలైతుంది," అన్నాడు నవీన్. "మన జీపు కలలకొచ్చింది. బిజ్జా మామ నన్నొక్కన్నే దింపి పోయిండు. నువ్వు వెనకనే కూసున్నవ్. పిలుద్దామంటే గొంతు రాలే. నాకెందుకో మనసు బాలేదక్కా. ఇప్పుడన్నా పిలుస్త, నువ్వు కూడా..."

"నోరు మూసుకో," అంది వినీత గట్టిగా. ఆమె గొంతు తగ్గించింది. "పిచ్చోడా, నువ్వు చూడలేదు గానీ నేను నీకంటే ముందే దిగిన. పోయి అన్నం తిను."

ఫోను పెట్టేసి, ప్రశాంతికి ఏం చెప్పాలో తెలియక, ఆ రాయి ముందే కూలబడి ఏడ్చింది.