మళ్ళీ నొక్కక్కర్లేదు

పంటి డాక్టరమ్మ పొద్దున పదింటికి ఫోన్ చేసి ఓ ఇంటి కోడలిని దులిపేసింది. దులపదూ మరి! ఆవిడ ఆసుపత్రికి అపాయింట్‌మెంట్ల యాప్ రాసిపెట్టింది ఈ మహాతల్లే.

"ఇవాళ రోజంతా ఒక్కాయన పేరు మీదే బుక్కయిపోయింది. ఇందాకట్నుంచీ వచ్చినవాళ్ళందరినీ ఖాళీ లేదని పంపించేశాం. తీరా ఆయనా రాలేదు! సాయంత్రానికి బాగుచెయ్యకపోతే నీ యాప్‌కో దండం తల్లీ, తీసి పారేస్తా."

ఎవరా మహానుభావుడని చూస్తే, ఇంకెవరు, సాక్షాత్తూ మామగారు! దవడ వాచిపోయి, హాల్లో కూర్చుని ఇంకా ఫోన్ నొక్కుతూనే ఉన్నాడు.

"ఏంటి మామయ్యా, ఇన్నిసార్లు నొక్కుతారా ఎవరైనా?"

"నన్నంటావేంటమ్మా? 'విఫలమైంది, మళ్ళీ ప్రయత్నించండి' అంది. ప్రయత్నించా. మళ్ళీ అదే అంది."

ఉద్యోగమంతా రైలు నడిపిన మనిషి. ఎదురుగా ఆజ్ఞ కనబడితే కాదనడం ఆయన ఒంట్లో లేదు.

కోడలు తల పట్టుకుంది. ఆయన నొక్కిన ప్రతిసారీ కబురు ఆసుపత్రి కంప్యూటరుకు చక్కగా చేరింది. అందిందని అక్కణ్ణించి రావలసిన జవాబే దారిలో తప్పిపోయింది. జవాబు రాకపోతే పని కానట్టేనా? తెలియనప్పుడు తెలియదని చెప్పడానికి ఆ యాప్‌కేం రోగం! నొప్పితో ఉన్న ముసలాయన చేత ఇంత చాకిరీ చేయించినందుకు ఆమెకు నిజంగా సిగ్గేసింది.

మధ్యాహ్నం దాకా కుర్చీ వదల్లేదు. ఒకే మనిషి ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటిగానే లెక్కపెట్టేలా, జవాబు రాకపోతే యాప్ తనంతట తానే మళ్ళీ అడిగేలా మార్చింది. తర్వాత డాక్టరమ్మను ఫోన్లో ఉంచి, పరీక్షకని ఆసుపత్రి జవాబులు రాకుండా కావాలనే ఆపేసి, కొత్త యాప్ ఉన్న ఫోన్‌ను మామగారి చేతికిచ్చింది.

ఆయన నొక్కాడు. తెర మీద వచ్చిన అక్షరాలను పైకే చదివాడు.

"మీరు అడిగింది మా దగ్గర భద్రంగా ఉంది. ఆసుపత్రి నుంచి జవాబు ఇంకా రాలేదు, మేమే కనుక్కుంటున్నాం. ఖాయం కాగానే చెబుతాం. మళ్ళీ నొక్కక్కర్లేదు. నొప్పి ఆగకపోతే కింద నొక్కి డాక్టరుగారితో మాట్లాడండి."

ఆయన వేలు మళ్ళీ లేచింది. మళ్ళీ అదే నొక్కేస్తాడేమోనని కోడలు ముందుకు వంగింది.

"ఆగట్లేదు మరి," అంటూ ఆయన కిందున్న ఫోన్ గుర్తు నొక్కాడు. అటువైపు డాక్టరమ్మ బల్ల మీద ఇంకో ఫోన్ మోగింది.

"బాబాయిగారూ, ఇప్పుడే వచ్చెయ్యండి, నేను చూస్తాగా," అందావిడ దాన్లో. తర్వాత ఈ ఫోన్లోకొచ్చి, "యాప్ ఉండనీలే అమ్మాయ్. నువ్వూ ఆయనతో పాటు రా. ఆ మాటలు మా రిసెప్షన్ పిల్లకి కూడా నేర్పించాలి," అంది.