ఎక్కడికీ చేర్చని మెట్లు

నేను ఒక మెట్ల వరుసను. వేపచెక్కతో చేశారు నన్ను. ఒకప్పుడు ఇటు మూడు మెట్లు, పైన ఒక మనిషి నిలబడేంత పలక, అటు మూడు మెట్లు. ఇటు ఎక్కి అటు దిగినవాళ్ళు మళ్ళీ అదే గదిలో ఉండేవాళ్ళు. అప్పట్లో నన్ను ఎక్కి ఎవరూ ఎక్కడికీ చేరలేదు. సామ్రాజ్యం అనే ముసలావిడ మాత్రం చేరాలనుకుంది. ఆవిడను చేరనివ్వకుండా ఆవిడ మంచి కోరేవాళ్ళంతా ఏకమయ్యారు.

పుట్టినప్పుడు నాకు ఒకవైపే మెట్లుండేవి. విజయవాడలో ఒక కళ్యాణ మండపంలో, పెళ్ళివేదిక పక్కన నా చోటు. వధూవరుల మీద వేసిన అక్షింతల్లో సగం నా మీదే పడేవి. ఫొటో కోసం ఎక్కినవాళ్ళు భోజనం కోసం దిగేవాళ్ళు. దిగేటప్పుడే వేగం ఎక్కువ. మండపం మూతపడ్డాక, కొండ కింద ఉన్న ఒక చిన్న గుండె ఆసుపత్రి నన్ను కొన్నది. వడ్రంగి వచ్చి రెండోవైపు మెట్లు అతికించి, పట్టుకోవడానికి కమ్మీలు బిగించాడు. వ్యాయామం గదిలో కిటికీ పక్కన నిలబెట్టారు.

అక్కడికి వచ్చేవాళ్ళకు గుండె బాగుపడి ఉండేది. కాళ్ళు ఉండేవి కావు. మంచం మీద గడిపిన రోజుల్లో తొడల్లో కండ కరిగిపోయి, బాత్‌రూం గడప కూడా కొండలా కనిపించేది. వాళ్ళను మళ్ళీ నడిపించే పని ఫిజియోథెరపిస్టు రజియాది. ఆమె పెట్టిన నియమం ఒకటే. మెట్టు ఎక్కుతూ మాట్లాడాలి. మాట పూర్తయితే గుండె ఓర్చుకుంటున్నట్టు, మధ్యలో తెగితే ఆగి కూర్చోవాలి. ఒకాయన రేషన్ బియ్యం గురించి మాట్లాడేవాడు. ఒకావిడ కోడల్ని తిట్టేది. తిట్టేవాళ్ళకు ఊపిరి బాగా అందేది.

సామ్రాజ్యం మొదటిరోజు నా కింది మెట్టు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని, నోరు తెరిచి ఒకే మాట అంది.

"వస్తన్నానే అక్కా."

మాట సగంలో తెగింది. రజియా ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, అక్క ఎవరని అడిగింది.

అక్క పేరు భ్రమరాంబ. కొండ మీద, పై వరుస ఇళ్ళలో ఉండేది. తుంటి విరిగి కిందికి దిగడం మానేసింది. చెవులు వినపడవు కాబట్టి ఫోను కూడా పనికిరాదు. అక్కకు అన్నం కలిపిపెట్టడం, జడ వేయడం, మంచం పక్కన కూర్చుని సైగలతో ఊరి కబుర్లన్నీ చెప్పడం చెల్లెలు సామ్రాజ్యం పని. అలాంటిది ఒక పొద్దున ఆవిడకు గుండెపోటు వచ్చింది. కొండ మీదికి అంబులెన్సు రాదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు మోసుకుంటూ ఆ ఇరుకు మెట్ల మీదుగా కిందికి దించారు. అక్క గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయిందట.

ఆసుపత్రి నుంచి వచ్చాక అక్క కొడుకు నాంచారయ్య ఆవిడను కొండ కింద తన గదిలో ఉంచి, పైన తల్లికి రెండుపూటలా అన్నం తనే మోశాడు. అతను ఆటో నడుపుతాడు. మళ్ళీ కుర్చీ మీదే పైకి చేరుస్తానని అతనంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"కుర్చీలో పోతే నన్ను చూసుకోను కూడా ఇంకో మనిషి కావాలిరా," అంది. "నా కాళ్ళతో పోతేనే అక్కకి పనికొస్తా."

అలా మొదలైంది. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడటం. చివర్లో నేను. మాట తెగడం తగ్గింది. మొదటి మెట్టు మీద ఒకసారి, రెండో మెట్టు మీద ఒకసారి, వస్తన్నానే అక్కా. పలక మీదికి చేరాక కిటికీలోంచి కొండ కనిపించేది. పైవరుస ఇళ్ళలో అక్క ఇంటి నీలం గోడ వెతుక్కుని, చెయ్యి ఊపి దిగేది. రజియా నవ్వి, వచ్చే పండగ నాటికి పైకెళ్ళిపోతారు మామ్మగారూ అనేది.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున నాంచారయ్య ఒక్కడే వచ్చాడు. నా కింది మెట్టు మీద కూలబడ్డాడు. భ్రమరాంబ నిద్రలోనే పోయింది.

పెద్ద డాక్టరును పిలిచారు. ఇప్పుడు చెబితే గుండె తట్టుకోదన్నాడాయన. నాంచారయ్య తల ఊపాడు. గుండె మనిషికి చావు కబురు చెప్పకూడదని వాళ్ళ వాడలో అందరికీ తెలుసు. ఎవరు పోయినా ఊరెళ్ళారంటారు. అయితే చిక్కొకటి ఉంది. కొండ మీదినుంచి శవం దిగడానికి ఉన్నది ఒకటే దారి. అది ఈ ఆసుపత్రి ముందుగా పోతుంది. పిన్నిని తీసుకొచ్చి వదిలేస్తానని, మధ్యాహ్నం దాకా ఈ గదిలోనే ఉంచమని అతను రజియాను బతిమాలాడు.  రజియా లేచి కిటికీ రెక్కలు మూసింది.

ఆ రోజు సామ్రాజ్యం చేత అన్నీ చేయించింది. మధ్యమధ్య కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది, కబుర్లు చెప్పింది. సరిగ్గా ఆవిడ నా మొదటి మెట్టు మీద ఉండగా డప్పు వినిపించింది.

"ఎవురో పోయినట్టున్నారు," అంది సామ్రాజ్యం. చేతులు జోడించింది. "మంచాన పడకుండా పోయుంటే అదురుష్టవంతులే."

డప్పు దగ్గరైంది. ఆవిడ కాలు డప్పుతో కలిసి లేచింది. వస్తన్నానే అక్కా. దెబ్బకో మెట్టు. వస్తన్నానే అక్కా. మాట ఎక్కడా తెగలేదు. ఎన్నడూ లేనంత తేలిగ్గా ఎక్కింది. బయట అక్క దిగిపోతోంది, లోపల చెల్లెలు ఎక్కుతోంది, మధ్యలో రెండు చెక్క కిటికీ రెక్కలు. రజియా గోడవైపు తిరిగి తువ్వాలు మడతపెడుతూ నిలబడింది. మడతపెట్టిందే మళ్ళీ మడతపెట్టింది.

ఆ తర్వాత నాకు అర్థం కాని వైద్యం మొదలైంది. ఆవిడ బాగా ఎక్కితే, నాడి తొందరగా ఉందనేవాళ్ళు. ఇంకా బాగా ఎక్కితే, వర్షం తగ్గనివ్వండి అనేవాళ్ళు. బలం వస్తే ఇంటికి పోతుంది, పోతే తెలిసిపోతుంది. అందుకని వచ్చిన బలాన్ని లేదని చెప్పసాగారు. ఇదే రజియా వారం కిందట ఇంకో మెట్టు, ఇంకో మెట్టు అంటూ వెంటపడింది.

దినవారాలన్నాళ్ళూ పిన్ని కంటపడకుండా తిరిగిన నాంచారయ్య, అవి ముగిశాక గుండుతో వచ్చాడు. దాన్ని కప్పిపుచ్చడానికి అబద్ధం సిద్ధంగానే పెట్టుకున్నాడు. తిరపతి ఎల్లొచ్చా పిన్నీ, నీ ఆరోగ్యం కోసం మొక్కుకున్నా అన్నాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. తర్వాత చెయ్యి చాపింది.

"లడ్డూ ఏదిరా?"

అది అతను ఆలోచించలేదు. స్నేహితుడి సంచిలో ఉండిపోయింది, రేపు తెస్తానన్నాడు. మర్నాడు తెచ్చాడు. బజారులో మిఠాయి కొట్టు లడ్డూ. అట్టపెట్టెలోంచి తీసి పాత కాగితంలో చుట్టాడు. ఆ మాత్రం తెలివి ఉంది.

సామ్రాజ్యం అప్పటికి ఎక్కడం ముగించి నా పలక మీద నిలబడి ఉంది. లడ్డూ అందుకుని కళ్ళకద్దుకుంది. రెండు ముక్కలు చేసి పెద్దముక్క కొంగున కట్టింది. అది అక్కకు. మిగిలినదాంట్లోంచి రవంత నోట్లో వేసుకుంది. నమలడం ఆగిపోయింది. కొంగుముడి విప్పి, పెద్దముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పచ్చకర్పూరం లేదురా ఇందులో."

నాంచారయ్య తల దించుకుని, లడ్డూ చుట్టిన కాగితాన్ని ఉండచుట్టాడు.

ఆవిడ అతని గుండు చూసింది. తీసేసిన మీసం చూసింది. కిటికీలోంచి నీలం గోడ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆ రోజు డప్పు అక్కదేనా?"

అతను నేల మీద కూలబడి ఏడ్చాడు. రజియా పరుగున వచ్చి ఆవిడ వేలికి నాడి చూసే క్లిప్పు పెట్టింది. పెద్ద డాక్టరు వచ్చాడు, మందులు సిద్ధం చేశారు. అందరూ క్లిప్పు మీది అంకెలవైపే చూస్తున్నారు. అంకెలు కదల్లేదు. గుండె చక్కగా, ఒక పద్ధతిలో కొట్టుకుంటోంది. ఆ గుండెను అంత బాగా బాగుచేశారు మరి.

"దాని మొహమన్నా చూపించాల్సిందిరా," అంది సామ్రాజ్యం. "నన్ను ఇక్కడ డప్పుకి ఎక్కించారు."

రజియా ఆవిడ చెయ్యి పట్టుకుని, మెల్లగా దిగండి మామ్మగారూ అంది. ఆవిడ దిగడానికి కాలు చాపింది. మోకాలు నిలవలేదు. ఇద్దరు కలిసి దించారు. మళ్ళీ నన్ను ఎక్కలేదు. రజియా కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళి పిలిచింది. ఎక్కేటప్పుడు ఏం మాట్లాడమంటావ్ అమ్మాయ్ అని ఆవిడ అడిగిందట.  తర్వాత రజియా ఆ ఉద్యోగమే మానేసింది. గదిలోకి స్కానింగ్ యంత్రం వచ్చింది. నన్ను పెరట్లో జనరేటరు పక్కన పారేశారు.

వానలకు కొండమెట్లలో కింది భాగం కూలిపోయింది. వాడవాళ్ళు అడిగితే ఆసుపత్రివాళ్ళు నన్ను ఇచ్చేశారు. వడ్రంగి నన్ను రెండుగా కోశాడు. దిగే వైపు టీ కొట్టు పొయ్యిలోకి పోయింది. ఎక్కే వైపును తెచ్చి, కూలినచోట, కొండకు ఆనించి పెట్టారు. నా జన్మకి మొదటిసారి నేను ఒకరి ఇంటికి దారి అయ్యాను. నీలం గోడ దాకా పోవచ్చు నా మీదుగా.

నా ఎదురుగానే నాంచారయ్య గది. పొద్దు వాలాక సామ్రాజ్యం గోడ పట్టుకుని వచ్చి, నా పక్కనున్న రాయి మీద కూర్చుంటుంది. నీళ్ళబిందెలతో వచ్చే ఆడవాళ్ళకి కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తుంది. రా పిన్నీ, మేం పట్టుకుంటాం, మీ ఇల్లు చూసొద్దువు అంటారు. పైన ఎవరున్నారని అంటుంది. ఆ మాట ఎప్పుడూ మధ్యలో తెగదు.

వేపచెక్కనైనా రెండు వానాకాలాలు తట్టుకోవడం కష్టం. కింది మెట్టు అప్పుడే మెత్తబడింది. నిన్న పైనుంచి మళ్ళీ డప్పు దిగింది. ఎవరిదో తెలియదు. సామ్రాజ్యం తల ఎత్తలేదు గాని, ఆవిడ కుడికాలు దానంతట అదే, దెబ్బ తప్పకుండా, నేల మీదినుంచి లేచింది. పెదవులు కదిలాయి. నేను బిగబట్టుకుని ఉన్నాను.

కాలు మళ్ళీ నేల మీదికే దిగింది.