మలుపులో ఎక్కేవాళ్ళు

బస్సు ఆగలేదు.

లాండ్రీ అక్క చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. డ్రైవరు బాబాయ్ ఆ మలుపులో బ్రేకు వెయ్యకపోవడం ఇదే మొదటిసారి. అతని వెనక తనిఖీ అధికారి నిలబడి ఉన్నాడు.

అసలు స్టాపు గుట్ట మీద, బంగళాల గేటు ముందు ఉంది. పేటంతా గుట్ట కింద ఉంది. అంత ఎత్తు ఎక్కలేక జనం మలుపులో నిలబడేవారు, బాబాయ్ ఆపేవాడు. అదో అలవాటు. ఆ రోజు ఆమె ఆసుపత్రి లాండ్రీకి నడిచి వెళ్ళేసరికి ఆలస్యమైందని మేస్త్రీ సగం కూలి కోసేశాడు. ఆటో ఎక్కి ఉంటే ఆ సగం ఆటోకే పోయేది.

మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర తోటిది కబురు మోసుకొచ్చింది.

"ఊరికంతా కొత్త రవాణా ప్లానటే. మన బస్సు తీసేస్తారట. సాయంత్రం మున్సిపాలిటీ హాల్లో మీటింగు."

"తీసెయ్యడమేంటే? కాలు పెట్టే చోటుండదు కదా అందులో!"

"స్టాపులో ఎక్కేవాళ్ళే లేరట. గొడుగేసుకుని కూర్చుని మరీ లెక్కపెట్టారట."

"గుట్ట మీదా? అక్కడుండేది కార్లున్నవాళ్ళు కదే!"

లాండ్రీ అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. బస్సు పోతే తన పని పోతుంది. ఆ బల్లల వెనక నిలబడ్డ సగంమంది పనీ పోతుంది. సాయంత్రం అందరూ కలిసి వెళ్ళారు.

హాలు గోడకి ఊరి పటం వేలాడుతోంది. దాని నిండా బస్సు దారుల రంగు గీతలు. పేట దగ్గర మాత్రం ఒక్క గీతా లేదు.

"మేం మలుపులో ఎక్కుతాం సార్," అందామె.

ప్లాను అధికారి నవ్వాడు. "మలుపులో బస్సు ఆపకూడదమ్మా. ఆపిన డ్రైవరెవరో చెప్పు. వాడు ఒప్పుకుంటేనే మీ మాట రాసుకుంటాను."

పక్కనే డిపో మేనేజరు కూర్చుని ఉన్నాడు. చివరి వరసలో బాబాయ్ యూనిఫాంలోనే ఉన్నాడు. చెబితే అతని ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే బస్సు పోతుంది.

"డ్రైవరు ఆపలేదు సార్. మేమే అడ్డంగా నిలబడి ఆపించాం. కేసు పెట్టుకోండి."

"నా పేరు ముందు రాయండి," అంది వెనక నించి లావుపాటావిడ. "నేను అడ్డం నిలబడితే లారీ అయినా ఆగాల్సిందే."

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వులోనే బాబాయ్ లేచాడు.

"అబద్ధం సార్. ఆపింది నేనే. ఇవాళొక్క రోజు భయపడి ఆపకుండా పోయాను. మధ్యాహ్నం ముద్ద దిగలేదు."

డిపో మేనేజరు వేలు చూపించాడు. "రేపు డ్యూటీకి రానక్కర్లేదు."

"వస్తే మలుపులో ఆపే వస్తాను."

"ఎందుకు చెప్పావు బాబాయ్?" లాండ్రీ అక్క అతని వైపు తిరిగింది.

"నువ్వు జైలుకెళ్తే నా చొక్కాలెవరు ఇస్త్రీ చేస్తారే?"

"డ్రైవరు ఒప్పుకున్నాడు. ఇక రాసుకోండి సార్," అందామె అధికారి వైపు తిరిగి.

ఆయన కలానికి మూత పెట్టాడు. "మీటింగు అయిపోయింది."

ఎవరూ కదల్లేదు. లాండ్రీ అక్క పటం కింద నేల మీద చతికిలబడింది. "మా గీత గీసేదాకా లేవం." ఒక్కొక్కరే ఆమె పక్కన కూర్చున్నారు.

"లైట్లు తీసెయ్!" అధికారి అటెండరు మీద అరిచాడు. అటెండరు స్విచ్చు మీద వేలు పెట్టాడు.

"అన్నా," అందామె మెల్లగా. "రేపు నువ్వెలా వస్తావు?"

అటెండరు ఆమెని చూశాడు. రోజూ ఆ మలుపులో ఆమె వెనకే ఎక్కే మనిషి.

"వినపడలేదా?"

"వినపడింది సార్." అతను వేలు తీసేశాడు. "మీరే తీసేసుకోండి."

ఆడవాళ్ళు, కిక్కిరిసిన బస్సులో జరిగినట్టు, కాస్త జరిగి అతనికి చోటిచ్చారు.